టీకావల్ల కాన్సరు తగ్గినదా? : తైవాను పరిశోధనపై ఒక పరిశీలన

1997 జూన్ నెలలో అమెరికా నుండి వెలువడే 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' అను వైద్యపత్రికలో అయిదు పుటల వ్యాసమొకటి అచ్చయినది. వ్రాసినవారు తైవాను జాతీయ విశ్వవిద్యాలయమునకు చెందిన శిశువైద్యురాలు డాక్టర్ మే-హ్వే చాంగ్, ఆమె సహచరులు. హెపటైటిస్-బి టీకాను పసిపిల్లలందరికీ వేసిన తరువాత ఆ ద్వీపములో పిల్లలకు వచ్చే కాలేయపు కాన్సరు తగ్గినదని ఆ వ్యాసము చెప్పినది. ఒక టీకామందు మనుష్యులలో ఒక కాన్సరును అరికట్టినదని సంఖ్యలతో చూపిన మొదటి పరిశోధనగా లోకము దీనిని స్వీకరించినది. నేడు పాఠ్యగ్రంథములు దీనిని ఒక్క వాక్యములో ఉటంకించి ముందుకు సాగిపోవుచున్నవి. అంత పెద్ద మాటను అంత చిన్న వాక్యముతో ముగించుట ఆ పరిశోధనకు న్యాయము కాదు. దానిలో గట్టి భాగమేదో, పలుచని భాగమేదో విడదీసి చూడవలసి ఉన్నది. కోట్లమంది పసిపిల్లలకు పుట్టిన మొదటి దినముననే సూదిమందు వేయుటకు ప్రభుత్వములు చూపే ఆధారములలో ఇది ముఖ్యమైనది కదా.

ముందుగా వ్యాధి సంగతి. హెపటైటిస్-బి వైరస్ రక్తము ద్వారా, తల్లి నుండి బిడ్డకు ప్రసవ సమయమున, మరికొన్ని మార్గముల ద్వారా సోకుతుంది. విచిత్రమేమనగా, సోకిన వయస్సును బట్టి దాని పోకడ మారుతుంది. పెద్దవారికి సోకినచో కొన్ని వారములు పచ్చకామెర్లతో బాధపడి, నూటికి తొంబదియైదుగురు దానిని పూర్తిగా వదిలించుకొంటారు. పురిటిలో సోకిన పసికందుకు కామెర్లూ ఉండవు, జ్వరమూ ఉండదు, బిడ్డ బాగా పాలు త్రాగి పెరుగుతూనే ఉంటుంది. కాని అట్టివారిలో పదింట తొమ్మిదిమంది రక్తములో ఆ వైరస్ ఏళ్ళ తరబడి తిష్ఠవేస్తుంది. వీరినే వైద్యులు 'వాహకులు' అంటారు. శరీరపు రక్షకదళము వైరస్ ఉన్న కాలేయకణములను చంపుతూ ఉంటుంది, కాలేయము కొత్త కణములను పుట్టిస్తూ ఉంటుంది. ఈ చంపుట, పుట్టుట సంవత్సరముల తరబడి సాగగా కాలేయములో నారవంటి మచ్చకండ పెరిగి అది గట్టిపడుతుంది. ఇదే సిర్రోసిస్. దీనికి తోడు వైరస్ తన జన్యుపదార్థపు ముక్కలను కాలేయకణముల క్రోమోసోములలోనికి చొప్పిస్తుంది. ఈ రెండింటి ఫలితముగా కొందరిలో కాన్సరు కంతి ఏర్పడుతుంది. సాధారణముగా దీనికి ముప్పది, నలుబది ఏండ్లు పట్టును. కొద్దిమంది పిల్లలలో మాత్రము పది ఏండ్లు నిండకముందే వచ్చును. తైవానులో అట్టి పిల్లలలో దాదాపు అందరి రక్తములోనూ ఈ వైరస్ కనిపించేది.

పిల్లల కాలేయములో వచ్చే కంతులన్నియు ఒక్కటి కావు. హెపటోబ్లాస్టోమా అనునది గర్భస్థ శిశువు కాలేయకణములను పోలిన కణములతో ఏర్పడి, ఎక్కువగా మూడేండ్లలోపు వారికి వచ్చును. దీనికి హెపటైటిస్-బి వైరస్‌తో సంబంధము లేదు. రెండవది పెద్దలకు వచ్చే హెపటోసెల్యులర్ కార్సినోమా. ఇది పిల్లలలో సాధారణముగా కొంచెము పెద్ద వయస్సున కనిపించును. చాంగ్ బృందము చేసిన పనిలో మెచ్చుకోదగిన మొదటి జాగ్రత్త ఇక్కడనే ఉన్నది. ఆస్పత్రుల పట్టికలలో ఈ రెండును 'కాలేయపు కాన్సరు' అను ఒకే పేరుక్రింద కలిసిపోవచ్చును గనుక, వారు ప్రధాన విశ్లేషణను ఆరేండ్లు నిండిన పిల్లలకే పరిమితము చేసినారు. సూక్ష్మదర్శినితో వేరుచేయలేనిచోట వయస్సుతో వేరుచేసినారన్నమాట.

వైరస్‌కు, కాన్సరుకు సంబంధమున్నదని ఎవరైనా చెప్పినప్పుడు వెంటనే తల ఊపరాదనుటకు ఈ వైరస్ చరిత్రయే సాక్ష్యము. 1960 దశకము మొదట అమెరికను శాస్త్రజ్ఞుడు బరూక్ బ్లంబర్గ్, ఆస్ట్రేలియా ఆదివాసి ఒకరి రక్తములో ఒక కొత్త ప్రతిజనకమును కనుగొని దానికి 'ఆస్ట్రేలియా ప్రతిజనకము' అని పేరు పెట్టినాడు. అది ల్యుకీమియా అను రక్తపు కాన్సరు ఉన్న రోగులలో తరచుగా కనిపించినది. అందుచేత అది ల్యుకీమియాకు లోనయ్యే స్వభావమును తెలిపే వంశపారంపర్య లక్షణమేమోనని ఆయన బృందము 1965 ప్రాంతమున తలచినది. డౌన్ సిండ్రోము గల పిల్లలకు ల్యుకీమియా ఎక్కువగా వచ్చును గనుక వారినీ పరీక్షించినారు. అక్కడా కనిపించినది. లెక్కలు చక్కగా సరిపోయినవి, ఊహ మాత్రము తప్పు. 1966లో ఆ పిల్లలలో ఒకరి రక్తములో మొదటి పరీక్షకు లేని ప్రతిజనకము తరువాత పరీక్షలో కనిపించినది. వంశపారంపర్య లక్షణము నడుమ పుట్టుకొని రాదు. అదే కాలమున ఆ రోగికి కాలేయపు శోథ వచ్చినట్లు తేలినది. రక్తము పదే పదే ఎక్కించుకొన్నందున ల్యుకీమియా రోగులకు, కిక్కిరిసిన వసతిగృహములలో ఉన్నందున డౌన్ సిండ్రోము పిల్లలకు ఈ వైరస్ సోకినదే గాని, కాన్సరుకు అది కారణమూ కాదు, గుర్తూ కాదు. తప్పు ఊహను పట్టుకొని నడిచి నిజమును చేరుకొన్న బ్లంబర్గ్‌కు 1976లో నోబెల్ బహుమతి వచ్చినది.

ఒకమారు ఇట్లు పొరబడిన తరువాత, రెండవమారు కాలేయపు కాన్సరు విషయములో ఎట్లు నమ్ముట? దీనికి సమాధానమును తైవానులో పనిచేసిన అమెరికను వైద్యుడు పామర్ బీస్లీ ఇచ్చినాడు. ఆయన బృందము 22,707 మంది పురుష ప్రభుత్వోద్యోగుల రక్తమును ముందుగా పరీక్షించి, తరువాత వారిని ఏండ్ల తరబడి వెంబడించినది. వారిలో వైరస్ వాహకులు 3,454 మంది. 1981లో ప్రకటించిన లెక్క ప్రకారము కాలేయపు కాన్సరుతో మరణించిన 41 మందిలో 40 మంది వాహకులే. వాహకులకు ఆ ప్రమాదము ఇతరులకంటె 223 రెట్లు. పొగాకుకు, ఊపిరితిత్తుల కాన్సరుకు గల సంబంధము కూడ ఇంత పెద్ద సంఖ్యను చూపలేదు. రోగము వచ్చిన తరువాత రక్తమును పరీక్షించుట వేరు, ముందు పరీక్షించి వేచియుండుట వేరు. బ్లంబర్గ్ మొదట పొరబడిన చోట బీస్లీ పొరబడకపోవుటకు ఇదే కారణము.

అయినను ఒక లంకె మిగిలిపోయినది. వైరస్ కాన్సరుకు దారితీయునని తెలియుట ఒకటి, వైరస్‌ను ఆపినచో కాన్సరు ఆగునని తెలియుట మరొకటి. దానికి తైవాను ప్రభుత్వము 1984 జూలైలో ప్రారంభించిన టీకా పథకము అవకాశము కల్పించినది. పెద్దవారిలో నూటికి పదునైదు నుండి ఇరువదిమంది వాహకులుగా ఉన్న దేశమది. మొదటి రెండేండ్లు వాహకులయిన తల్లుల బిడ్డలకు, 1986 జూలై నుండి పుట్టిన ప్రతి బిడ్డకు టీకా వేసినారు. తల్లి రక్తములో వైరస్ ఉధృతముగా ఉన్నదని తెలిపే 'ఇ-ప్రతిజనకము' ఉన్నచో, బిడ్డకు పుట్టిన 24 గంటలలోపున సిద్ధముగా ఉన్న ప్రతిరక్షకములను, అనగా ఇమ్యునోగ్లోబులిన్‌ను కూడ ఇచ్చినారు. అప్పటి టీకాను వాహకుల రక్తరసము నుండియే శుద్ధిచేసి తయారుచేసేవారు. ఎయిడ్స్ భయము అప్పుడే లోకమును ఆవరించుచున్న రోజులలో, అట్టి మందును పసిపిల్లలకు వేయుటకు నిర్ణయించుట సామాన్య సాహసము కాదు. తైపే నగరపు పిల్లలలో వాహకులు 1984లో నూటికి 9.8 మంది ఉండగా, 1994 నాటికి 1.3 మందికి తగ్గినారు. వైరస్ తగ్గినదనుటకు సందేహము లేదు.

ఇక కాన్సరు లెక్క. పరిశోధకులు యాబదికి మించి పడకలున్న 142 ఆస్పత్రుల నుండి సమాచారము వచ్చే జాతీయ కాన్సరు పట్టికను, దానికి తోడు 17 పెద్ద వైద్యకేంద్రముల లెక్కలను తీసుకొన్నారు. ఆరు నుండి పదునాలుగేండ్ల పిల్లలలో కాలేయపు కాన్సరు సంవత్సరమునకు లక్షకు సగటున 1981-86 మధ్య 0.70 చొప్పున, 1986-90 మధ్య 0.57 చొప్పున, 1990-94 మధ్య 0.36 చొప్పున వచ్చినది. వ్యాసమును ఉటంకించేవారందరు ఈ మూడు సంఖ్యలనే చెప్పుదురు. మెట్లు దిగినట్లుగా చూచుటకు ముచ్చటగా ఉన్నవి. నిజమునకు వ్యాసములోని బలహీనమైన భాగమిదే.

ఎందుచేతననగా, మొదటి టీకా వేసినది 1984 జూలైలో. ఆ బిడ్డలలో అందరికంటె పెద్దవారికి ఆరేండ్లు నిండినది 1990 జూలైలో. కాబట్టి 1986-90 మధ్య ఆరు నుండి పదునాలుగేండ్ల వయస్సులో ఉన్న పిల్లలలో టీకా పడినవారు దాదాపు లేనే లేరు. అట్లయినచో 0.70 నుండి 0.57కు దిగిన మొదటి మెట్టుకు టీకా ఎట్లు కారణమగును? బిడ్డ పుట్టకముందే నామకరణము చేసినట్లున్నది. ఆ తగ్గుదల కాకతాళీయము కావచ్చును. లేక దేశము సంపన్నమగుచున్నకొలది సూదులు ఉడికించుటలోనో, ఆహారములోనో వచ్చిన మంచి మార్పుల ఫలితము కావచ్చును. ఏదైనను టీకా ఖాతాలో జమచేయదగినది కాదు. టీకాకు చెందగలిగినది రెండవ మెట్టు మాత్రమే. అది కూడ పూర్తిగా కాదు, 1994లో సైతము టీకా పడిన పిల్లలలో పెద్దవారికి పదేండ్లే గదా. పదకొండు నుండి పదునాలుగేండ్లవారు అప్పటికింకను పాత తరమువారే.

వ్యాసము నిలబడినది ఈ మూడు మెట్లమీద కాదు, ఆ తరువాత వచ్చే మరొక జత సంఖ్యల మీద. కాలమును బట్టి గాక, పిల్లలు పుట్టిన సంవత్సరమును బట్టి లెక్కించినప్పుడు, ఆరు నుండి తొమ్మిదేండ్ల వయస్సులో కాలేయపు కాన్సరు 1974-84 మధ్య పుట్టినవారిలో లక్షకు 0.52 చొప్పున, 1984-86 మధ్య పుట్టినవారిలో 0.13 చొప్పున వచ్చినది. అనగా నాలుగవవంతుకు పడిపోయినది. ఒకే వయస్సు, ఒకే దేశము, ఒకే ఆస్పత్రుల పట్టిక. తేడా అంతయు ఏ యేడు పుట్టినారన్నదానిలో ఉన్నది. ఈ జత సంఖ్యలను ముందుంచి, ఆ మూడింటిని వెనుకకు నెట్టి ఉంటే వ్యాసము మరింత నిజాయితీగానూ, మరింత బలముగానూ ఉండెడిది.

అయితే ఈ జతకు వేరొక చిక్కు కలదు. 0.13, 0.52 అను భిన్నముల వెనుక ఉన్న పిల్లలెందరు? ఆ రోజులలో తైవానులో ఏటా మూడు, నాలుగు లక్షల మధ్య బిడ్డలు పుట్టేవారు. రెండేండ్లలో పుట్టినవారు రమారమి ఏడు లక్షలు. వారిని ఆరవ యేటి నుండి 1994 వరకు మాత్రమే గమనించినారు. చేతివేళ్ళమీద లెక్కకట్టి చూచినచో, పాత చొప్పున పండ్రెండు మందికి రావలసిన చోట ముగ్గురికి వచ్చినదని తేలును. ఈ అంచనాలో ఒకరిద్దరు అటూ ఇటూ కావచ్చును గాని, సంఖ్య చిన్నదనుట నిజము. అన్నమంతా పట్టి చూడనక్కరలేదు, ఒక్క మెతుకు చాలునని సామెత. అది కుండలోని అన్నము సమముగా ఉడికినప్పుడు. లక్షకు ఒకరికైనా రాని వ్యాధి విషయములో మరి రెండు మూడు మెతుకులు అటూ ఇటూ అయితే ఫలితమే మారిపోవును. గణితశాస్త్రజ్ఞుల కొలబద్ద ప్రకారము ఇంతటి తేడా యాదృచ్ఛికముగా వచ్చుటకు వెయ్యింట ఒక వంతు కూడ అవకాశము లేదని వ్యాసము చెప్పును. అది నిజమే. కాని ఆ కొలబద్ద కాకతాళీయమును మాత్రమే తోసిపుచ్చును గాని ఇతర కారణములను తోసిపుచ్చదు.

ఇతర కారణములలో ముఖ్యమైనది బూజుపట్టిన వేరుసెనగ, మొక్కజొన్నలలో పుట్టే అఫ్లటాక్సిన్ విషము. హెపటైటిస్-బి వైరస్ ఉన్నవారిలో ఇది కాలేయపు కాన్సరును మరింత పెంచును. వేరుసెనగ పండించే రాయలసీమ రైతునకు గిడ్డంగి తేమ అంటే ఏమో చెప్పనక్కరలేదు. తైవాను ప్రజల ఆహారము, నిల్వ పద్ధతులు 1980 దశకములో మెరుగుపడుచున్నవి. దానివల్లనే కాన్సరు తగ్గినదని వాదించవచ్చును. కాని ఆహారము మెరుగుపడుట పిల్లలందరికీ ఒక్కసారిగా లాభించవలెను. 1983లో పుట్టినవానికి లాభించక, 1985లో పుట్టినవానికి మాత్రమే లాభించుటకు కారణము కనిపించదు. పుట్టుక సంవత్సరము వెంట అంత నిటారుగా నడిచే మార్పునకు ఆ సంవత్సరములోనే మొదలయిన కారణము కావలెను. వ్యాసకర్తల నిర్ణయమును అంగీకరింపజేయునది గణితపు కొలబద్దకంటె ఎక్కువగా ఈ సంగతియే.

ఇక్కడ పరిశోధకులు ఒక మంచి సాధనమును చేతిలో ఉంచుకొని వాడుకోలేదనిపించును. హెపటోబ్లాస్టోమాను వారు లెక్క కలుషితము కాకుండ ప్రక్కకు తొలగించినారు. దానిని తొలగించుటతో తృప్తిపడక, ప్రధాన పట్టికలో కార్సినోమా ప్రక్కనే నిలిపి ఉంటే ఎట్లుండెడిది? ఈ కంతికి వైరస్‌తో సంబంధము లేదు. కాబట్టి ఆస్పత్రులు మెరుగగుటవల్లనో, నమోదులో తేడావల్లనో, ఆహారమువల్లనో కాలేయపు కంతులు మారుచున్నచో రెండును మారవలెను. టీకావల్లనైతే ఒకటి తగ్గి రెండవది ఉన్నచోటనే ఉండవలెను. సహజముగా లభించిన ఇంతటి సాక్షిని కోర్టుకు పిలువక ఇంటివద్దనే ఉంచిరనవచ్చును.

ఆ వ్యాసము తరువాత 2000లో అదే బృందము మరొక లెక్కను ప్రకటించినది. మగపిల్లలలో కాన్సరు స్పష్టముగా తగ్గినది, ఆడపిల్లలలో ఆ తగ్గుదల స్పష్టముగా కనిపించలేదు. 1981-84 మధ్య ఒక ఆడపిల్లకు 4.5 మంది మగపిల్లల చొప్పున ఉన్న నిష్పత్తి 1990-96 నాటికి 1.9కి దిగినది. ఆడపిల్లలలో మొదటి నుండియు ఈ కాన్సరు తక్కువ గనుక తగ్గుట కంటికి ఆనలేదని సమాధానము చెప్పవచ్చును. టీకా ఫలితము స్త్రీపురుషులకు వేరని అప్పుడే అనుటకు ఆధారము చాలదు. ప్రతికూలముగా కనిపించే ఈ సంగతిని దాచక తామే ప్రకటించినందుకు ఆ బృందమును గౌరవించవలెను.

టీకా పరీక్షకు సరియైన పద్ధతి పిల్లలను రెండు వర్గములుగా చీటీలు వేసి విభజించి, ఒక వర్గమునకు మందు, రెండవ వర్గమునకు ఉత్తనీళ్ళు ఇచ్చి చూచుటయేనని, తైవానులో అది జరుగలేదు గనుక ఫలితము అసంపూర్ణమని విమర్శించువారు కలరు. తర్కమునకు ఆ మాట సరిపోవును. కాని చరిత్రను చూచినచో, అట్టి పరీక్ష తైవానులో జరిగియే ఉన్నది. 1984కు ముందు బీస్లీ బృందము ఇ-ప్రతిజనకము గల తల్లుల బిడ్డలను ఈ విధముగానే విభజించి, కొందరికి ఇమ్యునోగ్లోబులిన్, కొందరికి ప్రభావము లేని సూదిమందు ఇచ్చినది. రెండవ వర్గములోని బిడ్డలలో పదింట దాదాపు తొమ్మిదిమంది వాహకులైనారు. ఆ తరువాత టీకాను, ఇమ్యునోగ్లోబులిన్‌ను కలిపి ఇచ్చినప్పుడు నూటికి 94 వంతుల రక్షణ లభించినదని 1983లో ప్రకటించినారు. ఆనాటికి నిరూపితమైన చికిత్స ఏదియు లేదు గనుక ఆ పరీక్ష అధర్మము కాదని వాదన. ఆ వాదన తోసివేయదగినది కాదు. అయినను ఉత్తమందు పొందిన ఆ బిడ్డలు జీవితాంతము వైరస్‌ను మోసేవారు, వారిలో కొందరు సిర్రోసిస్‌కు, కాన్సరుకు లోనయ్యే ప్రమాదములో ఉన్నవారు. 1997 వ్యాసము ఏ కంట్రోలు వర్గమూ లేకుండ ధైర్యముగా మాట్లాడగలిగినదంటే, దానికి మూల్యమును అంతకుముందే ఆ పసివారు చెల్లించి ఉండుటవల్లనే. 0.52, 0.13 అను సంఖ్యలను ఉటంకించేవారు ఈ బిడ్డల మాట ఎత్తకపోవుట ఆ రచనలన్నింటిలోను కనిపించే లోపము.

ఆఫ్రికాలోని గాంబియా దేశము వేరొక మార్గము పట్టినది. దేశమంతటికీ ఒక్కసారిగా టీకా వేయుటకు చాలినంత మందు లేదు. అందుచేత 1986లో మొదలుపెట్టి నాలుగేండ్లపాటు ఒక ప్రాంతము తరువాత మరొక ప్రాంతమునకు టీకాను విస్తరించినారు. వంతు రాని ప్రాంతపు పిల్లలే సహజముగా పోల్చుటకు వీలైన వర్గమైనారు. సుమారు 1,24,000 మంది పిల్లలను పేరు పేరునా నమోదుచేసి, వారు పెద్దవారై కాలేయపు కాన్సరు వచ్చే వయస్సునకు చేరువరకు, అనగా ముప్పది నలుబదేండ్లు, వేచి చూడవలెనని పథకము. ఎవరికీ ఉన్న మందును కాదనలేదు, అయినను న్యాయమైన పోలిక లభించును. పరిశోధన పద్ధతిగా చూచినచో గాంబియా తైవానుకంటె మెరుగు. కాని ప్రతి రెండు పసిపిల్లలలో ఒకరికి మందు అందించలేని పేదరికమే ఆ మెరుగైన పద్ధతికి అవకాశమిచ్చినదను సంగతిని మరువరాదు. అంతేగాక గాంబియా జవాబుకై ప్రపంచము అన్నాళ్ళు ఆగియుంటే, పదేండ్లలో తైవాను చెప్పిన మాటను ఒక తరము తరువాత గాని వినెడిది కాదు. ఈ తొందర సమంజసమైన తొందరయే.

1997లో సన్నగా ఉన్న సాక్ష్యము తరువాత లావెక్కినది. 2009లో చాంగ్ బృందము ఇరువదేండ్ల లెక్కను ప్రకటించినది. ఆరు నుండి పంతొమ్మిదేండ్ల వయస్సులో, టీకా పథకమునకు ముందు పుట్టినవారిని 7,84,96,406 మానవ-సంవత్సరములు గమనించగా 444 మందికి, పథకము తరువాత పుట్టినవారిని 3,77,09,304 మానవ-సంవత్సరములు గమనించగా 64 మందికి కాలేయపు కాన్సరు వచ్చినది. వయస్సు, లింగభేదముల సవరణ తరువాత టీకా తరమునకు ప్రమాదము పాతదానిలో 31 వంతులు మాత్రమే. ముగ్గురు, పండ్రెండుగురు అను సందేహము ఇక్కడ లేదు. ముదిరిన కాలేయవ్యాధి సంగతియు 2013లో వెలువడిన ముప్పదేండ్ల లెక్కలో ఉన్నది. అయిదు నుండి ఇరువది తొమ్మిదేండ్ల వారిలో దీర్ఘకాలిక కాలేయ వ్యాధి మరణములు 1977-80 నాటితో పోల్చగా 2001-04 నాటికి నూటికి తొంబది వంతులకు పైగా, కాలేయపు కాన్సరు ఎనుబది వంతులకు పైగా తగ్గినవి.

పొగడ్తలలో కొట్టుకొనిపోయినది ఆ 64 మంది మాట. టీకా తరములో పుట్టియు వారికి కాన్సరు ఎందుకు వచ్చినది? 2009 వ్యాసములో అన్నింటికంటె విలువైన భాగమిదే. వారిలో కొందరికి టీకా మోతాదులు పూర్తిగా పడలేదు. తల్లి వాహకురాలైనచో, అందునను ఇ-ప్రతిజనకము ఉన్నచో ప్రమాదము హెచ్చుగా ఉన్నది. ఉధృతముగా వైరస్ ఉన్న తల్లి నుండి కొన్నిమార్లు గర్భములోనే బిడ్డకు సోకును. అప్పటికి బయట వేచియున్న టీకా ఆలస్యమైపోయినట్లే. కాబట్టి బిడ్డకు సూదిమందు వేసినంత మాత్రాన పని పూర్తికాలేదని, తల్లికి కూడ చికిత్స కావలెనని ఆ లెక్కలు సూచించినవి. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో, వైరస్ హెచ్చుగా ఉన్న గర్భిణులకు 28వ వారము నుండి టెనోఫోవిర్ మాత్రలు ఇవ్వవలెనని చెప్పుట ఈ దారిలోనిదే. విజయమునకంటె వైఫల్యమును పరిశీలించుటవల్లనే ఎక్కువ తెలిసినదనవచ్చును. 1997 నాటి వ్యాసము కూడ టీకా తరములో రోగమువచ్చిన ఆ కొద్దిమంది పిల్లల తల్లులను గురించి ఇంకొంచెము విపులముగా వ్రాసి ఉంటే, గర్భిణుల వైపు చూపు పన్నెండేండ్లు ముందుగా మళ్ళెడిదేమో.

తైవాను లెక్కలను మన దేశమునకు ఉన్నవి ఉన్నట్లుగా అన్వయించరాదు. ఇక్కడ వాహకులయిన తల్లులలో ఇ-ప్రతిజనకము ఉన్నవారు తూర్పు ఆసియాలో వలె ఎక్కువమంది లేరు. పురిటిలో కంటె పసితనములో ఇంటిలోని వారి నుండి, తోటివారి నుండి సోకుట ఇక్కడ ఎక్కువ. ప్రపంచ ఆరోగ్యసంస్థ అంచనా ప్రకారము 2022లో భారతదేశములో హెపటైటిస్-బి వాహకులు 2.98 కోట్లమంది. చాంగ్ వ్యాసము వెలువడిన రెండు నెలలకే, 1997 ఆగస్టులో, హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ సంస్థ దేశములో మొదటిసారిగా జన్యుసంయోజన పద్ధతిలో ఈ టీకాను తయారుచేసి విడుదలచేసినది. రక్తరసముతో పనిలేదు, వైరస్ పైపొర ప్రోటీనును ఒక విధమైన ఈస్టు కణములచేత తయారుచేయించుటయే. దిగుమతి మందుకంటె ధర తక్కువ. అయినను సార్వత్రిక టీకా కార్యక్రమములో దీనిని 2002లో కొన్ని నగరములు, జిల్లాలలో ప్రయోగాత్మకముగా చేర్చి, దేశమంతటికీ విస్తరించునప్పటికి 2011 వచ్చినది. మందు హైదరాబాదులో తయారైన తరువాత కూడ అది దేశములోని ప్రతి పసిబిడ్డ తొడకు చేరుటకు పదునాలుగేండ్లు పట్టినదన్నమాట.

ఇప్పుడు పట్టికలో మొదటి మోతాదు పుట్టిన 24 గంటలలోపు అని ఉన్నది. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డకు అది సాధ్యమే. ఇంటివద్ద పుట్టిన బిడ్డ టీకా కేంద్రమునకు వచ్చుసరికి సాధారణముగా ఆరవ వారము అగును. ఆ తల్లికి గర్భకాలములో రక్తపరీక్ష జరుగలేదంటే, ఆమె వాహకురాలో కాదో ఆమెకూ తెలియదు, మందు వేసే నర్సుకూ తెలియదు. చాంగ్ బృందపు 64 మందిలో కొందరి వంటి బిడ్డలు ఇక్కడ ఏ పట్టికలోనికి వచ్చుచున్నారో చూడవలెననుకొనువారికి, ముందుగా కావలసినది పిల్లల కాన్సరు నమోదులో తల్లి రక్తపరీక్ష ఫలితమునకు ఒక గడి.